కుప్పం మీదుగా వచ్చిన గొంతు

పుంగనూరు నుంచి మదనపల్లె మార్కెట్ యార్డుకు టమాటాలు తోలే టెంపోలు ఎన్నో ఉండేవి గానీ, ముద్దుకృష్ణ టెంపో లాంటిది ఈ భూమ్మీద ఇంకొకటి పుట్టలేదు. అది హారన్ కొడితే చౌడేపల్లెలో కోళ్లు లేచేవి. అతని క్రేట్లు దిగేదాకా యార్డులో వేలం పాడేవాళ్లు నోరు తెరిచేవాళ్లు కాదు. ఒకసారి మలుపులో టెంపో బోల్తా పడితే చిట్లింది ఒక్కటే కాయ, అదీ ముందే మాగిపోయిన కాయ. కావాలంటే యార్డులో ఎవరినైనా అడగండి.

అంతటి మొనగాడూ నెలకొకసారి తల దువ్వుకుని, పుంగనూరు బస్టాండు పక్కన దేవరాజులు ఎరువుల అంగడికి పోయేవాడు. ఆ అంగట్లో యూరియా మూటల వెనక ఒక గాజు కిటికీ ఉండేది. బయటి దేశాల నుంచి వచ్చే దుడ్డు అక్కడ ఇచ్చేవాళ్లు. ముద్దుకృష్ణ మేనమామ సుబ్బయ్యది కుప్పం. ఆయన కూతురు నీరజ కువైట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. పుంగనూరు పక్కన తాను కొన్న మల్బరీ తోట బాగోగుల కోసం బావకే దుడ్డు పంపేది.

అట్లా వచ్చే దుడ్డు సంగతి తెలిసిందే గదా. నోట్లు ఇక్కడివే, గొంతు మాత్రం పంపినవాళ్లది. కట్ట చెవికి ఆనించుకుంటే, పంపేటప్పుడు వాళ్లు మనసులో ఏమనుకున్నారో అది వినిపిస్తుంది. నోటు ఖర్చయ్యేదాకా పలుకుతూనే ఉంటుంది. హవాలావాడు సంచిలో తెచ్చే నోట్లేమో మూగవి. అందుకే తొంభైల్లో సర్కారు ఎన్ని జీపులు తిప్పినా ఆగని హవాలాను పుంగనూరు ఆడవాళ్లు ఒక్క నెలలో ఊరు దాటించినారు. "మొగుడికి జలుబు తగ్గిందో లేదో సెప్పని దుడ్డు నాకెందుకప్పా" అని సంచిని వాకిట్లో నుంచే తిప్పి పంపించేసినారు.

నీరజ నోట్లు ఎప్పుడూ ఒకే మాట చెప్పేవి. "బావా, మల్బరీకి నీళ్లు పెట్టినావా? మోటారు కాలిపోకుండా సూసుకో. టయానికి తిను." ఆ తర్వాత ఒక నవ్వు. ఎందుకు నవ్వుతుందో తెలియదు. ముద్దుకృష్ణ ప్రతి కట్టలో ఒక నోటు ఖర్చు పెట్టకుండా చొక్కా జేబులో ఉంచుకుని, మదనపల్లె దారి పొడుగునా ఆ నవ్వు వింటూ టెంపో తోలేవాడు.

రెండువేల ఐదులో ఒకనాడు దేవరాజులు కిటికీ వెనక గొంతు సవరించుకున్నాడు.

"ఈ పిల్ల నీకేమైతాది?"

"మేనమామ కూతురు. నీకు తెలీదా ఏంది?"

"నాకు తెలిస్తే సాలదప్పా. కొత్త రూలు వచ్చిండాది. సుట్టం కానోళ్లు ఇరవైఐదు వేలు దాటి ఊరికే ఇస్తే అది నీ రాబడే, పన్ను కట్టాల. సుట్టాల పట్టీలో మేనమామ కూతురు లేదు. పోయి ఆడిటర్ను అడుగు."

ఆ మాట విని ముద్దుకృష్ణ తల్లి రాజమ్మ కొంగు బిగించింది. తల్లీకొడుకులు మదనపల్లెలో ఆడిటర్ రంగనాయకమ్మ ముందు కూర్చున్నారు.

"మొగుడూ పెళ్లాం సుట్టాలే. తోడబుట్టినోళ్లు సుట్టాలే. అమ్మకూ నాయనకూ తోడబుట్టినోళ్లు కూడా. కాబట్టి మీ మామ సుట్టం. మామ కూతురు కాదు" అంది ఆడిటరమ్మ.

"సెట్టు మాదంట, కాయ మాది కాదంట" అంది రాజమ్మ. "ఈ సట్టం రాసినోడికి మరదలు లేదేమో."

"ఢిల్లీలో రాసినారమ్మా. ఆ పక్క మేనరికం లేదు. అయినా ఇంత దానికి దిగులు యాల? పిల్లను వాళ్ల నాయనకు పంపమనండి. ఆయన అల్లుడికిస్తాడు. రెండిటికీ పన్ను లేదు. కుప్పం మీదుగా తిప్పండి, అంతే."

రాజమ్మ ఆ తెలివికి మురిసిపోయి ఆడిటరమ్మకు ఒక క్రేటు టమాటాలు దించి వచ్చింది.

మరుసటి నెల దుడ్డు కుప్పం మీదుగా వచ్చింది. మామ ఖాతాలో వేసిన దుడ్డు తీసుకుని ముద్దుకృష్ణ బ్యాంకు మెట్ల మీదనే కట్ట చెవికి పెట్టుకున్నాడు. ఖళ్లుఖళ్లుమని దగ్గు. నోట్లు చేతులు మారినాయి గదా, పలికింది మామ గొంతు.

"ఏమప్పా అల్లుడా, పాప ఇంకా రెండేండ్లు ఆడ్నే ఉంటానని కాయితం మీద సంతకం పెడతాదంట. యాలమ్మా అంటే, రమ్మని అడిగేవాడుంటే కదా నాయనా అంటాండాది. ఇది నీకెట్ల సెప్పేదో నాకు తెలీకుండా ఉండాది." మళ్లీ దగ్గు.

ఆ రోజు ముద్దుకృష్ణ చేతిలోంచి క్రేటు జారింది. కాయలు దొర్లుకుంటూ గేటు దాటి బెంగుళూరు రోడ్డెక్కినాయి. యార్డు మొత్తం వేలం ఆపి అతని మొహం చూసింది. జేబులో నోటు దారి పొడుగునా దగ్గుతూనే ఉండింది.

"అడిగేదేముండాదిరా?" అంది రాజమ్మ. "పుట్టిన దినమే ఆ పిల్ల నీకని ఊరంతా అనుకునింది."

"ఆ పిల్లకు సెప్పినామా మా?"

"సెప్పేదేంది, ఊరికి తెలుసు."

"ఊరికి తెలిస్తే సాలా?"

రాజమ్మ టెంపో తాళం తీసి కొడుకు చేతిలో పెట్టింది. కొడుకు మాట నెగ్గనీయడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

ముద్దుకృష్ణ నేరుగా దేవరాజులు దగ్గరికి పోయి, కువైట్‌కు పది రూపాయలు పంపమన్నాడు.

"ఈ కిటికీలో వచ్చేదే గానీ పొయ్యేది లేదప్పా. సర్కారు రూలు. ఫోను సెయ్యరాదా?"

"ఫోనెత్తితే మోటారు గురించే మాట్లాడతానన్నా. నా సంగతి నాకు తెలుసు."

అక్కణ్నుంచి పోస్టాఫీసుకు పోయినాడు. కుప్పంలో మామ పేరు మీద నూటపదహార్లు మనియార్డరు కట్టినాడు. నోట్లు కిటికీలోకి తోసేటప్పుడు మోటారును మనసులోకి రానీయకుండా ఎంత కష్టపడ్డాడంటే, లోపల గుమాస్తాకు కూడా చెమట పట్టింది.

కుప్పంలో పోస్టుమ్యాన్ నోట్లిచ్చి పోయినాడు. సుబ్బయ్య అలవాటుగా చెవికి పెట్టుకున్నాడు.

"మామా, నీరజను నాకిస్తావా? పన్ను తప్పించుకునేదానికి కాదు. పన్ను ఎంతైనా కడతా. ఆ నవ్వు మాత్రం నాకు నేరుగా రావాల."

సుబ్బయ్య దగ్గడం మరిచిపోయినాడు. ఫోను తీసి కువైట్‌కు కలిపి, "ఇది విను పాపా" అని నూటపదహార్లను రిసీవరుకు ఆనించి పెట్టినాడు. అవతల నుంచి వచ్చింది ఒక్కటే. ఆ నవ్వు.

పెళ్లి పుంగనూరులో. టమాటా పప్పు తాలింపు వాసనకు మదనపల్లె స్టేషన్లో రైలు అరగంట ఆగిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండేండ్ల కాయితం నీరజ చించేసింది. పాత ఒప్పందంలో మిగిలిన నాలుగు నెలలు ముగించుకుని వచ్చేస్తానని పోయింది.

నెల తిరగ్గానే దుడ్డు నేరుగా వచ్చింది.

"ఏమైతాది?" అన్నాడు దేవరాజులు, తెలిసే.

"భార్య."

"ఇంగ పన్ను లేదు. యాడ, ఏమంటాదో నన్ను గూడా విననీ."

ముద్దుకృష్ణ తానొక్కడే విన్నాడు. వింటూ వింటూ అతని చెవులు మాగిన మదనపల్లె టమాటా రంగుకు తిరిగినాయి. కట్టంతా జేబులోకి దోపి గుండీ పెట్టుకున్నాడు.

"ఏమంటాది?"

"మోటారు గురించి అడుగుతాండాదన్నా."

"మోటారుకా సెవులు అట్ల ఎర్రబడినాయి?"

"పెద్ద మోటారులే" అన్నాడు ముద్దుకృష్ణ, టెంపో ఎక్కుతూ. ఆ పొద్దు అతను హారన్ కొడితే కుప్పం దాకా వినిపించింది.