లేబుల్ గీకేసిన డబ్బా

తన ఒంట్లో ఉన్న హెచ్‌ఐవీ కడుపులో బిడ్డకు అంటుకుంటుందేమో. ఆమె భయాలన్నింటిలోకీ పెద్ద భయం అదే. తను చచ్చిపోతానన్న భయం ఎప్పుడో పాతబడింది. మాత్ర పడుతున్నంత కాలం తనకేమీ కాదని ఆమెకు తెలుసు. కానీ బిడ్డ సంగతి వచ్చేసరికి ఆ తెలిసిందంతా ఎటో కొట్టుకుపోతుంది.

మొగుడిదీ అదే జబ్బు, ఇద్దరికీ మందులిచ్చేదీ ఒకే క్లినిక్. ఆయన గోడలకు రంగులు వేస్తాడు. ఆమె పిల్లల బట్టలు కుట్టే షెడ్డులో, కుట్టు పూర్తయిన గౌన్లకు వేలాడే దారాలు కత్తిరిస్తుంది. ఆ గౌన్ల బుల్లి చేతుల్లోకి రెండు వేళ్లు దూర్చి అటూ ఇటూ ఆడించి చూడటం అలవాటు.

"దారం చూస్తున్నావా, పిల్లని ఆడిస్తున్నావా?" అని పక్క మిషనామె ఎగతాళి చేసేది. ఈమె షెడ్డులో నవ్వేసి ఇంటికొచ్చి ఏడ్చేది.

పిల్లల మాట ముందు ఎత్తింది ఆయనే. బిక్కుబిక్కుమంటూ ఇద్దరూ క్లినిక్‌లో నర్సక్కను అడిగారు. తిట్టిపోస్తుందనుకున్నారు. ఆవిడ తిట్టలేదు.

"కనొచ్చు తల్లీ. నీ రక్తపరీక్ష బాగుంది. వేళ తప్పకుండా మాత్ర వేసుకుంటే బిడ్డకు అంటడం చాలా అరుదు. ఎవరేం చెప్పినా మందు మాత్రం ఆపకు" అంది.

అన్ని మాటల్లోనూ ఆమెకు 'అరుదు' అన్నదొక్కటే గుచ్చుకుంది. అరుదంటే అసలు లేదని కాదుగా!

నెల తప్పింది. కబురు అందగానే అత్తగారు సంచి సర్దుకుని దిగిపోయింది. జబ్బు సంగతి ఆవిడకు తెలియదు. కొడుకు పని మీద పొరుగూరు వెళ్లడంతో ఇల్లంతా ఆవిడదే రాజ్యం. "బిందె దించు! వంగావంటే నా మనవరాలికి ముక్కు వంకరొస్తుంది" అని కసురుతుంది. తల దువ్వి జడ వేస్తుంది. సంగతి తెలిస్తే ఈ చేతులు మళ్లీ తనను ముట్టుకుంటాయా అని ఆమె లోలోపలే ముడుచుకుపోతుంది.

మాత్రల డబ్బా దాచడంలో మాత్రం ఆమె ఆరితేరింది. లేబుల్ గోటితో గీకేసింది. కదిపితే చప్పుడు కాకుండా లోపల దూది కూరింది. దుప్పట్ల మడతల్లో పెట్టింది.

ఆ సాయంత్రం షెడ్డు నుంచి వచ్చేసరికి దుప్పట్లన్నీ నేల మీద ఉన్నాయి. ఉతుకుదామని తీసిందట అత్తగారు. డబ్బా ఆవిడ పిడికిట్లో ఉంది.

"ఏంటిది?"

"బలానికి అత్తయ్యా."

"బలానికైతే పేరెందుకు గీకావే? ఈ దూదెందుకు కుక్కావు? నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా నీకు? కడుపు పోగొట్టుకుందామని చూస్తున్నావు కదూ? మా వాడు ఊళ్లో లేని టైం చూసుకుని!"

ఏ బిడ్డ కోసం ఇన్నాళ్లు అల్లాడిందో ఆ బిడ్డనే చంపుకుంటోందట.

"కాదత్తయ్యా! బిడ్డ కోసమే వేసుకుంటున్నా."

"బిడ్డ కోసమైతే దొంగచాటుగా మింగడం ఎందుకు? ఉండు, ఇప్పుడే కాలవలో పోసొస్తా."

ఆవిడ గుమ్మం వైపు నడిచింది. ఆమె మొగుడికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. నిచ్చెన మీద ఉన్నాడో ఏమో. క్లినిక్ మూసేసి ఉంటారు. మాత్ర వేళయింది. చెబితే ఈవిడేం చేస్తుందో, చెప్పకపోతే బిడ్డకేమవుతుందో. ఆ రెండు భయాల్లో ఏది చిన్నదో తేల్చుకోవడానికి ఆట్టే సేపు పట్టలేదు.

"అత్తయ్యా, నాకు హెచ్‌ఐవీ ఉంది. మీ అబ్బాయికీ ఉంది. ఆ మాత్ర ఆపితే బిడ్డకూ రావచ్చు. ఇచ్చేయండి, మీ కాళ్లు పట్టుకుంటా."

ఆవిడ గుమ్మంలోనే ఆగి, ఇటు తిరిగింది.

"ముందెవరికొచ్చింది? వాడికా, నీకా?"

"ఇద్దరికీ ఒకేరోజు తెలిసింది. ముందెవరికో మాకూ తెలీదు."

"ఇంత పెట్టుకుని, తెలిసి తెలిసీ పిల్లల్ని కనాలనుకున్నారా?"

"ఆశ అత్తయ్యా. మనవరాలి మీద మీకు లేదూ? నాకూ అంతే."

ఆవిడ డబ్బాను ఆమె చేతికివ్వకుండా నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. ఆమె గబుక్కున అందుకుని, మాత్ర నోట్లో వేసుకుని, గుక్కెడు నీళ్లు తాగింది. ఆలోపే అత్తగారు కుళాయి దగ్గర సబ్బుతో చేతులు రుద్దుకుంది. సంచి భుజాన వేసుకుంది.

"ఎక్కడికత్తయ్యా?"

మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు వాకిట్లో ఆగింది. ఎంతకీ కదల్లేదు. ఆమె గడియ పెట్టి, తలుపుకు వీపు ఆనించి, పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. కింద ఎవరో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, అత్తగారు అంతా చెప్పేస్తోందో ఏమో. ఆయన ఫోన్ ఇంకా రాలేదు.

ఇది చదివిన మీరెవరైనా అటుగా వెళ్తే ఆ మెట్లెక్కండి. గుమ్మం పక్కన రంగు మరకల పాత నిచ్చెన ఉంటుంది, ఆ ఇల్లే. తలుపు తడితే వెంటనే తీయదు, ఇల్లు ఖాళీ చేయమనడానికి వచ్చారనుకుంటుంది. కాస్త ఓపిక పట్టండి. తిందో లేదో, ఎలా ఉందో కనుక్కుని రండి.