స్పీకర్లకు తగిన జోడీ

రేపల్లెలో ముప్పై నాలుగేళ్లు రైసు మిల్లు నడిపిన జనార్దనరావు, రెండేళ్ల క్రితం దాన్ని కూతురు హిమబిందు చేతిలో పెట్టి ఇంటిపట్టున ఉంటున్నాడు. మిల్లు మోత చెవుల్లోంచి పోయాక ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. విద్వాంసుడు ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టుగా ఇంట్లో కచేరీలు వినాలి. పోయిన శ్రావణంలో చెన్నైలో ఒక డాక్టరుగారు ఇల్లు మారుతూ అమ్మకానికి పెట్టిన స్పీకర్లు కొన్నాడు. నడుం ఎత్తున్న టేకు రంగు పెట్టెలవి, ఒక్కొక్కటి నలభై కిలోలు. వాటిని చూసి భార్య దుర్గాంబ, వీటి మీద పూలకుండీ పెట్టుకోనివ్వరు కాబోలు అని నవ్వింది.

తీరా తన పాత ఆంప్లిఫయర్‌కు తగిలించాక చిక్కు వచ్చిపడింది. సన్నగా పెట్టినంతసేపూ పాట బాగానే ఉండేది. కాస్త పెంచగానే మృదంగం తడిసిన అట్ట మీద కొట్టినట్టు మొద్దుగా వినపడేది. ఇంకొంచెం పెంచితే ఆంప్లిఫయర్ టక్కున ఆగిపోయేది, చల్లారితే గాని మళ్లీ పలికేది కాదు. డాక్టరు పాడైన స్పీకర్లు అంటగట్టాడేమోనని జనార్దనరావు వారం రోజులు లోలోపల మథనపడ్డాడు.  

చివరికి రైలెక్కి తెనాలి వెళ్లాడు. అక్కడ సుమంత్ అనే అతను ఇలాంటి సామాను అమ్మే చిన్న షాపు నడుపుతున్నాడు. స్పీకర్ల కాగితాలు చూసి, వాటిలో దోషం ఉండకపోవచ్చని, ఆంప్లిఫయరే చాలక అలా అయి ఉంటుందని చెప్పాడు. రెండు ఆంప్లిఫయర్లు ముందు పెట్టాడు. ఒకటి ఉత్త నల్ల పెట్టె, ముందువైపు ఒక్క గుండీ. రెండోది గాజు గొట్టాలది. స్విచ్ వేయగానే ఆ గొట్టాలు ప్రమిదల్లా ఎర్రగా వెలిగాయి. జనార్దనరావు మనసు అక్కడే ఉండిపోయింది.

"రెండూ రేపు మీ ఇంటికి పంపిస్తాను బాబాయిగారూ," అన్నాడు సుమంత్. "షాపులో విని కొనకండి. మీ గదిలో, మీ స్పీకర్లతో వినండి. వద్దన్నది నేనే వచ్చి తెచ్చుకుంటాను."

అక్కణ్ణుంచి ఆయన నేరుగా బాపట్ల బండెక్కాడు. అక్కడ వెంకటరత్నం ఉన్నాడు. ఇద్దరూ కాలేజీలో ఒకే బెంచి మీద కూర్చున్నవాళ్లు. వెంకటరత్నం ఫిజిక్స్ లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. కాగితాలు కళ్లద్దాల దగ్గరకు పెట్టుకుని చదివాడు. ఈ స్పీకర్లు ఎనిమిది ఓమ్‌లని రాశారు గాని, బరువైన మోతల దగ్గర మూడుకు దిగిపోతాయనీ, అప్పుడు ఆంప్లిఫయర్ చాలా ఎక్కువ కరెంటు ఇవ్వాల్సి వస్తుందనీ వివరించాడు. పైగా ఇవి తక్కువ వాట్లకు పెద్దగా పలికే రకం కావన్నాడు. జనార్దనరావు తల గోక్కోవడం చూసి మాట మార్చాడు.

"చివరి చేలన్నీ ఒక్కసారే నీళ్లడిగాయనుకో. కాలవలో నీళ్లుండాలా వద్దా? అంతే ఇదీను."

"మరి ఆ గాజు గొట్టాలది?"

"నువ్వు దాని మీద మోజుపడి వచ్చావు. నన్ను సరే అనమంటున్నావు. నేననను. వెళ్లి విను."

మర్నాడు ఆంప్లిఫయర్లు వచ్చాయి. మూడు రోజులు ఆయన గాజు గొట్టాలదే పెట్టుకుని విన్నాడు. గొంతు, వయొలిన్ పాకంలా సాగేవి. కరెంటు పోయి వచ్చినా ముందు వెళ్లి ఆ గొట్టాలు వెలిగాయో లేదో చూసుకునేవాడు. నల్ల పెట్టె అట్టపెట్టెలోంచి బయటికి రాలేదు.

ఆదివారం పొద్దున స్పీకర్లను గోడకు కాస్త దూరంగా జరపడానికి మిల్లు ఫిట్టరు కొండయ్యను పిలిపించాడు. కొండయ్య మెషీను మీద అరచెయ్యి పెట్టి ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు. మూడు దశాబ్దాల్లో అతని మాట తప్పైంది తక్కువ. పని అయ్యాక దుర్గాంబ కాఫీ ఇచ్చి అతన్నీ కూర్చోమంది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"ఆ మృదంగం ఒక్కటే వాయించే ముక్క పెట్టండి. రోజూ అక్కడికి రాగానే ఆపేస్తున్నారు."

తను ఆపేస్తున్నట్టు జనార్దనరావుకు అప్పటిదాకా తట్టలేదు. పెట్టాడు. పెంచాడు. కొండయ్య గ్లాసు కింద పెట్టి, లేచి, స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపటికి మొహం చిట్లించాడు.

"పెట్టె మంచిదే బాబుగారూ. వెనకనుంచి దీనికి బలం అందట్లేదు. లో ఓల్టేజీలో మన మోటారు ఎలా మూలిగేదో, అలాగుందండి."

 మూడు రోజులుగా జనార్దనరావుకు లోపలెక్కడో తెలిసిందే, తను ఒప్పుకోనిదే, ఇంకొకరి నోట వచ్చింది. చిత్రంగా ఆయనకు కోపం రాలేదు, గుండె తేలికైంది. స్పీకర్లు మంచివే. డాక్టరు మోసం చేయలేదు. తను ఆంప్లిఫయర్‌ను కళ్లతో ఎంచాడు, అంతే.

ఆయనా కొండయ్యా కలిసి నల్ల పెట్టెను మోసుకొచ్చి వైర్లు మార్చారు. అదే ముక్క మళ్లీ మొదలైంది. ఈసారి మృదంగం ఎడమ వైపు శబ్దం నేలలోంచి లేచి వచ్చింది. కుడి వైపున ఒక్కో వేలు పడటం విడివిడిగా తెలిసింది. గాజు గొట్టాలదానిలోని పాకం కొంత తగ్గిన మాట నిజం. కాని మనిషి కూర్చుని వాయిస్తున్నాడు, అతని మోకాలు ఎక్కడుందో చూపించొచ్చు అన్నంత దగ్గరగా. దుర్గాంబ లేచి ఫ్యాను ఆపి వచ్చింది. కొండయ్య ఇంకోసారి స్పీకరు మీద చెయ్యి పెట్టి, తల ఊపి, చల్లారిన కాఫీ తాగేశాడు.

బుధవారం సుమంత్ గాజు గొట్టాలది తీసుకెళ్లడానికి వచ్చాడు. ఒక్క ముక్క విని వెళ్తానని కుర్చీలో కూర్చున్నాడు. అది అయ్యాక ఇంకోటి అడిగాడు. తన షాపులో నల్ల పెట్టెను ఇలాంటి స్పీకర్లతో కలిపి ఎప్పుడూ వినలేదని చెప్పాడు. జనార్దనరావు తర్వాతి కచేరీ వెతుకుతుండగా, దుర్గాంబ లోపలికెళ్లి ఇంకో గ్లాసు బియ్యం కడిగింది.