గూట్లో ఆగిన తాబేలు

రండి, ఆ గుమ్మం దగ్గరున్నవాళ్ళు కూడా లోపలికి జరగండి. బయట గాలి ఎక్కువగా ఉంది, మాట నిలవడం లేదు. పలకలు పక్కన పెట్టి బాసింపట్టు వేసుకోండి. కథ అయ్యేదాకా ఎవరూ మధ్యలో లేవకూడదు. దారిలో ఉన్నదాన్ని ఆపితే ఏమవుతుందో ఈ కథలోనే ఉంది.

సముద్రం ఒడ్డున ఒక పల్లెలో ధనలక్ష్మి అని ఒకావిడ ఉండేది. ఆమె మొగుడు ఎర్రన్న తెల్లారకముందే తెప్ప తోసుకుని ఒక్కడే వేటకి పోయేవాడు. ధనలక్ష్మి ముందురోజు పడ్డ నెత్తళ్ళను, ఆ వేలెడు చేపల్ని, పాత వల మీద ఎండబెట్టి, కాకుల్ని తోలడానికి అత్త గురమ్మని కూర్చోబెట్టి, సరుగుడు తోటలోకి పుల్లలకి వెళ్ళేది. సంతనాడు ఎండుచేపల బుట్ట ఎత్తుకుని చీపురుపల్లి పోయేది. మధ్యాహ్నానికి ఎర్రన్న తెప్ప కనిపించేది. అలలు దాటకముందే అక్కణ్ణించే కేకేసేవాడు: "ఏటి కూర?"

పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆ కేక వినబడని మధ్యాహ్నాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆ కేక విని పొయ్యి మీంచి అన్నం దింపుకునేవారు.

ఒక సోమవారం పుల్లలేరుతుంటే, లైట్‌హౌసు వైపున్న రాళ్ళ సందులో ధనలక్ష్మికి ఆకుపచ్చ డబ్బా ఒకటి కనిపించింది. మూత గట్టిగా బిగించి ఉంది. తీస్తే లోపల చిన్న పుస్తకం, పెన్సిలు ముక్క, వాటి మధ్య బొటనవేలంత రేకు తాబేలు. దాని మెడకి గొలుసు, గొలుసుకి ఏవో అక్షరాలూ అంకెలూ చెక్కిన బిళ్ళ, ఒక ఇంగ్లీషు కాగితం. ధనలక్ష్మి తెలుగులో సంతకం చెయ్యగలదు. ఇంగ్లీషు రాదు.

మన జిల్లాల్లో తాబేలు కనిపిస్తే ఎవరికైనా ఏం గుర్తొస్తుంది? శ్రీకూర్మం స్వామి. ఆమె చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది.

"రాళ్ళల్లో కూకున్నావేటి బాబూ" అని తాబేలుని కొంగున కట్టుకుంది.

అయితే ఆ పల్లెలో ఒక పద్ధతుంది. ఎవరైనా గిన్నెతో కూర పంపిస్తే ఆ గిన్నెని ఖాళీగా తిప్పి పంపరు. గుప్పెడు చింతపండో, నాలుగు మిరపకాయలో వేసి పంపుతారు. డబ్బా మాత్రం గిన్నె కాదా? లైట్‌హౌసు వాచ్‌మన్ భార్యకి ఇద్దామని తెచ్చిన తాటాకు పొట్లం ఆమె దగ్గరుంది. అందులో గుప్పెడు ఎండు నెత్తళ్ళు ఉన్నాయి. ఆ పొట్లాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించి, తేలికైన మనసుతో ఇంటికి వచ్చింది.

తాబేలుని దేవుడి గూట్లో ఎర్రగుడ్డ మీద కూర్చోబెట్టి పసుపు రాసి బొట్టు పెట్టింది. పక్కింటి జోగయ్య వచ్చి చూసి, బిళ్ళ మీది అంకెలు స్వామివారి అంకెలే అని తేల్చి, తన పడవ మీద ఎర్రరంగుతో రాసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఎర్రన్న తెప్ప కనిపించింది. తెడ్డు వేస్తూనే ఉన్నాడు. దగ్గరకి మాత్రం రావడం లేదు.

నీటివాలు ఎదురుగా ఉందేమో అనుకుంది ధనలక్ష్మి. అన్నం చల్లారింది. పొద్దు వాలేసరికీ తెప్ప అక్కడే ఉంది, తెడ్డు లేస్తూ పడుతూనే ఉంది.

మర్నాడు ఊళ్ళోని గంగులు అతన్ని తేవడానికి ఇంజను బోటు వేసుకుని వెళ్ళాడు. ఎంత ముందుకి పోతే ఎర్రన్న అంత అవతల ఉన్నాడు. తాడు విసిరితే బారెడు దూరంలో పడింది. నీళ్ళ సీసా వదిలితే అది తిరిగి గంగులు దగ్గరకే తేలుతూ వచ్చింది. గంగులు ఒడ్డుకి వచ్చి బీడీ వెలిగించి, "అందడు" అని చెప్పి వల బాగుచేసుకోవడానికి పోయాడు.

"మా అయ్య కాలంలో ఒకడిలాగే ఉండిపోనాడు. పదకొండు రోజులు" అన్నాడు జోగయ్య.

"తరవాత వచ్చినాడా మావా?" అంది ధనలక్ష్మి.

"వచ్చినాడో నేదో, నాకంత గురుతు నేదే."

ఊళ్ళో వాళ్ళు పొద్దున్నే కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "తెడ్డేస్తన్నాడు" అనుకుని పనుల్లోకి పోయేవారు. ఎర్రన్న మాట మాత్రం గాలి మీద బాగానే వచ్చేది.

"ఏటి కూర?"

"నెత్తళ్ళూ వంకాయ."

"ఉంచు, వస్తన్నాను."

సాయంత్రానికి అదే గొంతు కొంచెం బొంగురుపోయింది. "డబ్బాలో నీలు గుక్కెడే ఉన్నాది, ధనం."

ఆ మాట విన్నాక ధనలక్ష్మి కంచం పక్కన పెట్టేసింది. గూటి దగ్గరకి వెళ్ళి ఇంకొంచెం పసుపు రాసింది, ఇంకో బొట్టు పెట్టింది. బుధవారం పొద్దున్న రేడియోలో తుపాను కబురు చెప్పారు. ప్రమాద సూచిక ఎగరేశారట, రాత్రికి తీరం దాటుతుందట. మగవాళ్ళు పడవల్ని రోడ్డు దాకా లాక్కొచ్చేశారు. ధనలక్ష్మి ఇంకో ఎర్రగుడ్డ తెచ్చి తాబేలుకి చుట్టూ కప్పి, కదలకుండా దారంతో కట్టింది. భయం పెరిగినకొద్దీ పసుపూ పెరిగింది. చివరికి తాబేలుకి కళ్ళెక్కడున్నాయో కూడా తెలియడం లేదు.

అప్పుడు వచ్చాడు నరసింగరావు, పాత స్కూటరు మీద.

ఈయనది చీపురుపల్లి. రైల్లో తపాలా బోగీలో నిలబడి ముప్ఫయ్యేళ్ళు ఉత్తరాలు ఊరివారీగా వేరుచేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి. సంతలో ధనలక్ష్మి దగ్గరే ఎండుచేపలు కొంటాడు. ఆ వేళ చేతిలో తాటాకు పొట్లం ఒకటి ముక్కుకి దూరంగా పట్టుకుని లోపలికి వచ్చాడు.

"ధనలక్ష్మీ, రెండు చుట్లు తిప్పి తోక లోపలికి దోపే ఈ ముడి ఈ జిల్లాలో నువ్వొక్కదానివే వేస్తావు. అవునా?"

"నాదే బాబూ. మీకెక్కడ దొరికినాది?"

"డబ్బాలో. వాసనకి ఎలకలొచ్చి మూత కొరికేశాయి. పుస్తకం నిండా చీమలు. తినేవి పెట్టకూడదమ్మా అందులో."

"ఉత్త సేతుల్తో తీసుకోకూడదని పెట్టినాను."

"అది కూరగిన్నెకి. దీనికి బదులేం అక్కర్లేదు. దీనికి కావలసింది మోసేవాళ్ళు." ఆయన మంచం పట్టె మీద కూలబడి మోకాళ్ళు రాసుకున్నాడు. "జియోక్యాషింగ్ అని ఒక ఆట. ఒకరు ఒకచోట డబ్బా దాస్తారు. ఆ చోటు ఫోన్లో చూసుకుని ఇంకొకరు వెతుక్కుంటారు. మా అమ్మాయి భారతి ఫోను కొనిచ్చినప్పుడు నేర్పింది. ఆ డబ్బాల్లో ఇలాంటి ప్రయాణికులు ఉంటారు. ఏదీ, ఆ కాగితం ఇటియ్యి."

కాగితం మీది పసుపు దులిపి తెలుగులో చదివాడు. "నేను మంచుకొండలు చూడాలి. నా కాళ్ళు చిన్నవి. మీరు పోయే దారిలో నన్ను కొంచెం దూరం మోసి, ఇంకో డబ్బాలో దింపండి. దయచేసి దాచుకోకండి."



"పద్ధతి పెద్దదేం కాదు" అన్నాడు నరసింగరావు. "తీసుకుంటే అది పోవాలనుకున్న వైపుకి కదిలించాలి. కదిలించలేకపోతే చూసి, చూశానని పుస్తకంలో రాసి, ఉన్నచోటే ఉంచాలి. నా చేతిలోంచి లక్షల ఉత్తరాలు పోయాయి. కొన్ని కార్డులు ఎంత బాగుండేవో. ఒక్కటీ జేబులో పెట్టుకోలేదు. అవి నావి కావు, దారివి." కిటికీలోంచి జోగయ్య పడవ కనబడింది. "ఆ అంకె అలా పదిమందికీ చూపించకూడదు కూడాను. అది చూసినవాళ్ళు కదలకుండా ఇంట్లో కూర్చునే తాబేలుని చూశామని రాసేసుకుంటారు."

"రంగు ఆరిపోనాది మరి" అన్నాడు గుమ్మంలోంచి జోగయ్య.

నరసింగరావు సముద్రం వైపు చూశాడు. నీళ్ళు బూడిదరంగుకి తిరిగాయి. "అది ఎర్రన్నేనా? ఎన్నాళ్ళయింది?"

"సోమవారం నుంచి."

"దీన్ని తెచ్చిందెప్పుడు?"

"సోమవారవే."

ఇద్దరూ ఒకేసారి గూటి వైపు తిరిగారు. గూట్లోంచి దేవుణ్ణి తియ్యడానికి ధనలక్ష్మికి చెయ్యి రాలేదు. తీసినందుకు స్వామికి కోపమొస్తే? తియ్యకపోతే? కళ్ళు మూసుకుని దారం తెంపింది. తాబేలుని పిడికిట పట్టుకుని గుమ్మం దాకా ఆరడుగులు వేసింది. ఒడ్డున కూర్చున్న గురమ్మ గొంతు వినబడింది.

"ఒసే, ముందుకొచ్చినాడే! ఆరు తెడ్లు ముందుకొచ్చినాడు!"

"పద" అన్నాడు నరసింగరావు. "ఉత్తరం వైపు ఉన్న డబ్బా చీపురుపల్లి కొండ మీద ఒక్కటే. మోకాళ్ళు బాగున్నప్పుడు నేనే పెట్టాను. కొండ కింద దాకా తీసుకెళ్తాను. ఎక్కడం నీ వంతు."

స్కూటరు కదిలింది. ధనలక్ష్మి ఒక చేత తాబేలు, ఒక చేత ఫోను పట్టుకుంది. ఫోనులో గురమ్మ చెబుతూనే ఉంది. వస్తన్నాడు, వస్తన్నాడు, లుంగీ రంగు తెలుస్తన్నాది. హైవే దగ్గర లారీల కోసం ఆగారు.

"ఆగిపోనాడేటే?"

"స్కూటరాగింది అత్తా."

"ఆపకండి. అలలు లేస్తన్నాయి."

చినుకులు మొదలయ్యాయి. చీపురుపల్లి ఇంకా మైలుందనగా రైలు గేటు పడిపోయింది. గరివిడి వైపు పోయే గూడ్సు. ఎన్ని పెట్టెలో లెక్కలేదు, అన్నీ నింపాదిగా పోతున్నాయి. ధనలక్ష్మి ఉండబట్టలేక స్కూటరు దిగి గేటు పక్కన అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది.

"వస్తన్నాడు... ఎల్లిపోతన్నాడు... మల్లీ వస్తన్నాడు" అంది గురమ్మ. "ఏటే నువ్వు సేస్తన్నావు? ఆడికి కల్లు తిరుగుతాయి."

ధనలక్ష్మి చప్పున ఆగిపోయింది. ఆగినా భయమే, కదిలినా భయమే. ఉన్నచోటే నిలబడి, ముందుకి పడని కాళ్ళని చూసుకుంటూ, పోయే పెట్టెల్ని లెక్కపెట్టింది. యాభై ఎనిమిది. గేటు లేచింది.

కొండ కింద స్కూటరు ఆపి, "పైన జంటరాళ్ళ మధ్య రేకుడబ్బా" అన్నాడు నరసింగరావు. "పుస్తకంలో పేరు రాయడం మరిచిపోకు."

రాళ్ళు తడిసి జారుతున్నాయి. ఆమె చెప్పులు వదిలేసి ఎక్కింది. ఒకచోట మోకాలు చీరుకుంది. తాబేలున్న చెయ్యి మాత్రం నేలకి ఆనించలేదు. పైకి చేరేసరికి ఊపిరి అందడం లేదు. డబ్బా దొరికింది.

"అత్తా, ఎక్కడున్నాడు?"

"అలలు ఇరిగే కాడ. తెప్ప నిలువునా లేస్తన్నాది. ఆగకే, నడు, నడు."

నడవడానికి ఇంకెక్కడుంది? కొండ అయిపోయింది. అయినా డబ్బా దాటి రెండడుగులు వేసింది.

"ఎనక్కి! ఎనక్కి పోతన్నాడు."

ఆమె గబుక్కున వచ్చి డబ్బా దగ్గర మోకరిల్లింది. ఇక మిగిలింది దింపడమే. కానీ దింపితే తాబేలు ఆగిపోతుందిగా? మొన్న గూట్లో ఆగినట్టే ఇక్కడా ఆగితే, అలల మధ్య ఎర్రన్న ఆగిపోతాడు. తను పట్టుకున్నంతసేపైనా ప్రాణంతో ఉన్నాడు. పిడికిలి విప్పుదామంటే వేళ్ళు మాట వినలేదు.

వాన తాబేలు మీద పడుతోంది. పసుపు కరిగి ఆమె మణికట్టు మీదుగా కారింది. కొంగుతో మిగిలింది తుడిచింది. రెండు చిన్న కళ్ళు బయటపడ్డాయి. అవి ఆమెని చూడడం లేదు. ఉత్తరం వైపు చూస్తున్నాయి.

"ఎల్లు బాబూ" అంది.

తాబేలుని డబ్బాలో పెట్టింది. వంగి వానకి వీపు అడ్డం పెట్టి పుస్తకంలో పేరు రాసింది. 'ధ' దగ్గర పెన్సిలు విరగబోయింది. బదులుగా ఏదైనా పెడదామని అలవాటుగా చెయ్యి ఒళ్ళోకి పోయింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక బదులు పెట్టకుండా మూత వెయ్యడం అదే మొదటిసారి. దొంగతనం చేసినట్టనిపించింది.

"అత్తా?"

గాలి హోరు, ఎవరెవరో అరుపులు. ఫోను ఇసకలో పడ్డట్టు గరగరలాడింది.

"అత్తా, సెప్పవే."

చాలాసేపు సముద్రం చప్పుడొకటే. తర్వాత ఎవరో దగ్గరగా ఆయాసపడుతున్నారు. దాహంతో పిడచకట్టిన గొంతు, మాట విడిపోతోంది.

"ఏటి కూర?"

ధనలక్ష్మి తడిరాతి మీద చతికిలబడింది. మూడు రోజుల్నుంచి పట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

"వండనేదు" అంది.

ఆ రాత్రి తుపాను వచ్చి పోయింది. మరుసటి చలికాలం సంతలో నరసింగరావు ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. తెల్లటి కొండ, ఎవరిదో చేతితొడుగు, దాని మీద రేకు తాబేలు. మెడ ముడతలో ఇంకా కొంచెం పసుపు ఉంది. ధనలక్ష్మి బొమ్మకి దణ్ణం పెట్టి, ఆయన నెత్తళ్ళు పొట్లం కట్టి, రెండు చుట్లు తిప్పి తోక లోపలికి దోపింది.

ఇక లేవండి. మిమ్మల్ని నేనెక్కువసేపు ఉంచుకుంటే మీ ఇళ్ళలో గుమ్మాల దగ్గర ఎవరి కాళ్ళూ నిలవవు. పొయ్యిల మీంచి అన్నాలు దిగిపోయుంటాయి. దారిలో ఎక్కడా ఆగకండి. ఇల్లు ఇంకా కొంచెం దూరం ఉందనగానే, కూరేమిటని గట్టిగా కేకెయ్యండి.