బొంతక్క పోస్టు మీద నా ఓటు

నా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. అయినా పాప పుట్టాక రోజూ నాలుగు ముక్కలు రాయడం మొదలుపెట్టాను. వెక్కిళ్లు ఆగకపోయినా, ఒంటి మీద చిన్న పొక్కు కనబడినా నాకు కాళ్లూ చేతులూ ఆడవు. ఆ గాబరా అంతా ఒక బ్లాగు సైటులో పెట్టేదాన్ని. అది బ్లాక్‌చెయిన్ మీద నడుస్తుందనీ, యజమాని అంటూ ఎవరూ లేరనీ, అందరిదీననీ చెప్పి మా మరిదే చేర్పించాడు.

పేరుకే అందరిదీ. ఎవరి దగ్గర ఎన్ని నాణేలుంటే వాళ్ల ఓటుకి అంత బరువు. పోస్టు రాసినా, దానికి ఓటేసినా సైటు ఇచ్చే డిజిటల్ డబ్బే ఆ నాణేలు. బాగా ఉన్నవాళ్లని తిమింగలాలంటారు. నాణెం ధర గురించి రాస్తే వాళ్లు మెచ్చుకుంటారు కాబట్టి జనం పొద్దస్తమానం అదే రాసేవారు. పిల్లల గురించి రాసేది నేనూ, బొంతక్కా. పాత బట్టలతో పసిపిల్లలకి బొంతలు కుట్టే ఆవిడ. మొహం ఎన్నడూ చూడలేదు కానీ, నేనేం రాసినా మొదటి జవాబు ఆవిడదే. "భయపడకే పిచ్చిపిల్లా, పొక్కు నిన్నేం కరవదు" అనేది.

ఒకరోజు పాపకి పాలు పట్టి ఫోన్ తీస్తే బొంతక్క పోస్టు మూతపడి ఉంది. ఎంతసేపూ బొంతలేనా అని ఒక తిమింగలం వ్యతిరేక ఓటు వేసిందట. అలా పడితే పోస్టు దాగిపోతుంది, నొక్కి తెరిస్తే గానీ కనబడదు. ఎవరెవరు వేశారో మాత్రం అక్కడ దాచరు. తిమింగలం వెనక వరసగా చిన్నాచితకా పేర్లు. వాటిలో నాది.

నేను వెయ్యలేదే అని మరిదికి ఫోన్ చేశాను. వాడు ఎవరింట్లోనో ఫ్రిజ్ బాగుచేస్తున్నాడు. చంటిపిల్లతో రోజూ ఓట్లు వెయ్యడం నాకెక్కడ తీరుతుందని, తిమింగలం ఎటు వేస్తే నా ఓటూ అటే పడేలా చేర్పించిన రోజే పెట్టేశాడట.

"గుంపులో గోవిందా అనుకున్నా వదినా. మనకీ నాలుగు నాణేలు రాలతాయని."

"నాచేత అక్క మీద రాయి వేయించావు కదరా."

వాడు నవ్వబోయి ఆగాడు. చేతిలో పని ఆపి, ఎక్కడెక్కడ నొక్కాలో ఓపిగ్గా చెప్పాడు. ఆ ముడి విప్పేసి, నా ఓటు ఇటు తిప్పాను. పోస్టు వెంట్రుకవాసి కదల్లేదు. నా ఓటు బరువెంతని.

దానికి కాదు, బొంతక్క ఇక నాతో మాట్లాడదేమోనన్న బెంగతో అన్నం సయించలేదు. జరిగింది జరిగినట్టు ఆవిడ పోస్టు కిందే రాశాను. సాయంత్రం పాప బట్టలు మడతపెడుతుంటే జవాబొచ్చింది.

"నీ ఓటుకి దోమ కుట్టినట్టయినా లేదు. నిన్న పాపకి విరేచనాలన్నావు, ఇవాళ ఆ ఊసే లేదు. పొద్దున్నుంచీ నా ప్రాణం కొట్టుకుంటోంది. తగ్గాయా?"

తగ్గాయని రాశాను. ఎలా తగ్గాయో కూడా రాశాను. ఆ మూతపడిన పోస్టు కిందే ఇద్దరం కబుర్లలో పడ్డాం. కాసేపటికి ఎవరో కొత్తామె వచ్చి, మా బాబుకీ ఇలాగే ఉందండీ, ఇక్కడ అడగొచ్చా అంది. జరిగి చోటిచ్చాం.