బకెట్లో గోదావరి నీళ్ళు

సౌజన్య అన్నం తిని వరండాలోకి వచ్చేసరికి బకెట్లో నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి. అవి ఇందాకటి మడ్డి ఉప్పునీళ్ళు కావు.

పొద్దున్న అంతర్వేదిలో వలకి చిక్కిన సముద్ర దోసకాయ అనే ప్రాణిని, సముద్రపు నీళ్ళతో సహా తెచ్చాడు జాలరి లోవరాజు. "సైన్సు టీచరుగారు కదండీ, ఇదేంటో చూడండి" అన్నాడు. అది పట్టుకోకూడని జంతువని, మధ్యాహ్నం పడవలో తీసుకెళ్ళి వదిలెయ్యమని సౌజన్య చెప్పింది. అప్పటిదాకా దాన్ని బతికించాలి. అదొక్కటే పని.

"మావయ్యగారూ! నీళ్ళెవరు మార్చేరండీ?"

"నేనేనమ్మాయ్," అన్నాడు బుల్లబ్బాయి పడక్కుర్చీలోంచి. "ఇంటికొచ్చిన చుట్టానికి ఉప్పునీళ్ళిస్తామా? బిందెలోని గోదావరి నీళ్ళు పోసేను."

"మంచినీళ్ళు దానికి విషమండీ!"

"గోదావరి నీళ్ళు విషమా? బయటెక్కడా అనకు, తంతారు."

బకెట్లో అది కక్కిన తెల్లటి పేగులు తేలుతున్నాయి. సౌజన్య తల పట్టుకుంది.

"పోనీ, కల్లుప్పు వేసెయ్యనా? ఆవకాయ కొలత చాలా?"

"మీరేం వెయ్యకండి! బకెట్ పట్టుకుని స్కూటరెక్కండి!"

నీళ్ళు పారబోసి సముద్రం వైపు బయల్దేరారు. కోపం దిగమింగుకోడానికి ఆమె పాఠం మొదలుపెట్టింది.

"అది నక్షత్రచేపలకి చుట్టమండీ. మెదడుండదు. బెదిరితే పేగులు కక్కేస్తుంది, మళ్ళీ కొత్తవి మొలుస్తాయి. ఊపిరి వెనకవైపు నుంచి పీలుస్తుంది."

వెనక ముసలాయన నవ్వుకి స్కూటర్ ఊగింది.

"మురమళ్ళ ఏట్లో దూడంత బొచ్చెచేపని పట్టి భుజానేసుకొచ్చేనంటే ఊరంతా నమ్మేరు గానీ, నీ మాట ఎవడూ నమ్మడమ్మాయ్. కాస్త తగ్గించి చెప్పు."

సౌజన్య పళ్ళు కొరికింది.

రేవులో లోవరాజు ఎదురొచ్చి బకెట్ నిండా సముద్రపు నీళ్ళు ముంచాడు. ముగ్గురూ వంగి చూశారు. చాలాసేపు చలనం లేదు. బుల్లబ్బాయి తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"పోయిందంటావా?" అన్నాడు, గొంతు తగ్గించి.

అంతలో దాని ఒంటికింద సన్నటి కాళ్ళు పీచుల్లా సాగి, బకెట్ అడుగుని పట్టుకున్నాయి. ఒళ్ళు ముడుచుకుని రవంత ముందుకి జరిగింది.

"బతికిందండీ!" లోవరాజు బకెట్ ఎత్తుకుని పడవ వైపు నడిచాడు.

సౌజన్య ఇసుకలో కూలబడి ఊపిరి పీల్చుకుంది. పక్కన ముసలాయన మీసం దువ్వాడు.

"చూసేవా? గోదావరి నీళ్ళు తాగబట్టే, ఆ సత్తువ!"