గుండుసూది బెజ్జాలు

అక్కాచెల్లెళ్లలో చెల్లెలు డేరాలు కుట్టే పనిలో చేరిన రోజునే మేస్త్రి ఆమెకి చెప్పాడు: "ఈ గుడ్డకి గుండుసూది తగలకూడదు. అంచులు కలపాలంటే క్లిప్పులే పెట్టు." మామూలు గుడ్డలో సూది తీసేస్తే బెజ్జం పూడుకుంటుంది. నీళ్లు దిగని గుడ్డలో పడ్డ బెజ్జం పడ్డట్టే ఉంటుంది.

అయినా అక్క కోసం సంచి కుడుతున్నప్పుడు క్లిప్పులు చాల్లేదు. అంతకుముందు జాకెట్లు కుట్టిన చెయ్యి, అలవాటుగా కాళ్ల వైపు అంచు పొడవునా గుండుసూదులు గుచ్చేసింది. కుట్టంతా అయ్యాక గానీ చేసిందేమిటో తెలియలేదు.

అది మనిషి పడుకునే సంచి. దుప్పట్లతో సహా అందులో దూరి, పైన పలచటి టార్పాలిన్ వాలుగా కట్టుకుంటే మంచు కొండ మీదైనా రాత్రి గడిచిపోతుంది. రెండూ కలిపి ఓ సొరకాయంత బరువుండవు. కిందటేడు కొండలెక్కడానికి పాత డేరా మోసుకెళ్లి మోకాలు పాడుచేసుకున్న అక్క, ఈ సంచి మీదే ఆశ పెట్టుకుంది.

"మా చెల్లి కుట్టింది," అని ఎదురైన వాళ్లందరికీ చెప్పుకుంటోంది. అలా అన్నప్పుడల్లా చెల్లెలు తేలు కుట్టిన దొంగలా ఊరుకునేది.

తెల్లారితే బస్సు. సాయంత్రం అక్క సామాను సర్దుతోంది.

"ఏమే, మొహం అలా వేలాడేశావు? నాలుగు రోజుల్లో వచ్చి మళ్లీ నీ నెత్తినెక్కుతాలే."

"అక్కా, ఒకసారి దీని మీద నీళ్లు పోసి చూద్దాం."

"కుట్టినదానివి నువ్వేగా, నీ కుట్టు మీద నీకే నమ్మకం లేదా?"

చెల్లెలు పొడి మేజోళ్లు తొడుక్కుని, స్నానాలగదిలో సంచి పరిచి లోపలికి దూరింది. అక్క చెంబుతో పోస్తూ, "గేదెని కడిగినట్టుందే," అని నవ్వింది.

ముందు బొటనవేలి దగ్గర చీమ పాకినట్టయింది. తర్వాత మేజోడు ముద్దయింది.

"తడిసిందా?"

లోపల చీకటి. అక్కకి ఏమీ కనబడదు. లేదు అంటే నమ్మేస్తుంది. మారు మాట్లాడకుండా నమ్మేస్తుంది. చెల్లెలు బయటికి వచ్చి తడి కాలు చాపింది.

"గుండుసూదులు పెట్టానక్కా. కుట్టిన రోజే తెలుసు. చెప్పలేకపోయాను."

అక్క చెంబు కింద పెట్టింది. మేజోడు లాగి పిండింది. చాలానే కారాయి నీళ్లు.

"బంక పూస్తే?"

"ఆరడానికి రేపు సాయంత్రం అవుతుంది."

అక్క వెళ్లి అటక మీంచి పాత డేరా దింపింది. నాలుగు తిట్టినా బాగుండేదని చెల్లెలికి అనిపించింది.

పొద్దున బస్సు దాకా డేరా చెల్లెలే మోసింది. బస్సు రాగానే అక్క దాన్ని అందుకుని భుజానికి తగిలించుకుంది. మంచి కాలు మెట్టు మీద వేసి, కమ్మీ పట్టుకుని, రెండో కాలిని పైకి లాక్కుంది.

కిటికీలోంచి, "నేనొచ్చేలోగా బంక పూసి ఉంచు. ఈసారి ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోస్తా," అంది.

చెల్లెలు తలూపింది. డేరా పట్టీ ఒరుసుకుని భుజం మండుతోంది. ఇంటికెళ్లేదాకా చెయ్యి అక్కడికి పోనివ్వలేదు.