బొంత మూలలోని గింజలు

మా ఇంట్లో బిడ్డ పుడితే మొదటి బొంత మా చేను పత్తితోనే కుట్టాలి. దాని ఒక మూలలో నాలుగు పత్తి గింజలు పెట్టి మూసేయాలి. ఉతికేటప్పుడు ఆ మూల తడవకుండా పైకెత్తి పట్టుకోవాలి. ఆ బిడ్డ పెద్దదై తన బిడ్డకు బొంత కుట్టేదాకా దాన్ని విప్పకూడదు. ఎల్లారెడ్డిలో పరుపులు, బొంతలు కుట్టి కామారెడ్డి దాకా అమ్మే కుటుంబం మాది. అమ్మేవాటికి కొన్న దూది వాడతాం, సొంత పత్తి మాత్రం బిడ్డలకే. ఆ విత్తనం మా అత్త రహీమాకు ప్రాణం. ఏటా గింజలు చేత్తో ఒలిచి, బూడిద కలిపి దాచేది. ఈ ఏడు ఉన్నదంతా విత్తేసింది.

వానాకాలంలో ఒక పొద్దున పక్క చేను హన్మండ్లన్న వీపు మీద పంపుతో నవ్వుతూ వచ్చాడు.

"అక్కా, మీ చేన్ల గూడ గడ్డి బాగ లేసింది. నాది కొట్టుకుంట మీదిగూడ కొట్టేసిన!"

కొట్టింది గడ్డిమందు! రెండేళ్లుగా ఆయన వేసేది ఎవరో చాటుగా అమ్మిన విత్తనం. దానికి మందు కొడితే గడ్డి చస్తుంది, పత్తి చావదు. లోకంలో పత్తంతా అట్లాగే ఉంటుందనుకునేంత అలవాటు పడ్డాడు మహానుభావుడు.

"నీ చేతులు పడిపోను! మాది పాత పత్తి గదనే!" అని అరిచాను. నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. పాపం, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

కొన్నాళ్లకు చేనంతా మాడిపోయింది. అయితే అక్కడొకటి ఇక్కడొకటి మొక్కలు పచ్చగా నిలబడ్డాయి! అత్త చేతులెత్తి ఏడ్చింది.

"యా అల్లా! చూసినవా మహజబీన్, ఏం కుద్రతు!"

నాకూ అది దేవుడి మహిమే అనిపించింది. ఊళ్లో వాళ్లు వింతగా వచ్చి చూసిపోయారు. వ్యవసాయ విస్తరణాధికారి అనిల కూడా వచ్చింది. ఆమె మాత్రం ఆ ఆకులను తడిమి, హన్మండ్లన్న చేను వైపు చూసింది.

"అవ్వా, పోయినేడు తేనెటీగలు ఆయన పువ్వుల మీద వాలి, ఆ పుప్పొడితోనే మీ పువ్వుల మీద వాలినట్టున్నయి. ఆ పత్తి గుణం మీ గింజలల్ల కొన్నిట్లకు ఎక్కింది."

గట్టు దాటే మేకనైతే తోలుతాం. కంటికి ఆనని ఆ పొడిని ఎవరు ఆపగలరు? తరతరాలుగా కాపాడుకున్న గింజలోకి ఒక ఈగ దాన్ని మోసుకొచ్చి పెట్టిపోయింది. ఎంత చిన్న ప్రాణం, ఎంత పని చేసింది! కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"అంటే అక్కా," అన్నాడు హన్మండ్లన్న, "సచ్చినయే మీవి. బతికినయి నావి."

అత్త కళ్లు తుడుచుకుని అనిలను అడిగింది. "దీని గింజలు బర్రె తింటది. బర్రె పాలు మా పిల్ల తాగుతది. ఏమన్న అయితదా బిడ్డా?"

"అయితదని చెప్పలేను, కాదనీ చెప్పలేను అవ్వా. ఈ దొంగ విత్తనాన్ని ఎవరూ పరీక్ష చేసి ఒప్పుకోలే."

అత్త చేన్లోకి దిగి, తాను దండం పెట్టిన ఆ పచ్చని మొక్కలను ఒక్కొక్కటే పీకేసింది. ఇంటికొచ్చి నా నాలుగేళ్ల కూతురు షగుఫ్తా బొంత తీసింది. కత్తెర తీసుకుని గింజలున్న మూలకు పెట్టింది. వేళ కాకముందే ఆ మూలను విప్పిన వాళ్లు మా ఇంట్లో అంతవరకు లేరు.

"నా బొంత ఎందుకు కోస్తున్నవ్ దాదీ?" అని నాయనమ్మను అడిగింది షగుఫ్తా.

"నీ దగ్గర అప్పు తీసుకుంటున్న బిడ్డా."

హన్మండ్లన్న ఆ విత్తనం తేకముందు గింజలవి. పెరట్లో పెడితే రెండు మొలిచాయి. పూత మొదలయ్యాక, తెల్లారి విచ్చుకోబోయే మొగ్గ కొసను ముందురోజు సాయంత్రమే దారంతో కట్టేయమని అనిల చెప్పింది. అట్లా కడితే బయటి పుప్పొడి చేరక, పువ్వు తన పుప్పొడితోనే కాయ కడుతుందట. బొంతలు కుట్టే దారంతోనే కట్టాం. రోజూ పొద్దుగూకే వేళకు హన్మండ్లన్న వచ్చి, మందు కొట్టిన ఆ మోటు చేతులతో ఊపిరి బిగబట్టి ముడి వేసేవాడు. ఒక పొద్దున కట్టిన మొగ్గ చుట్టూ తేనెటీగ తిరుగుతుంటే అత్త దానితో మాట్లాడింది.

"నీ తప్పేం లేదు తల్లీ. ఇయ్యాల మా ఇంటికి రాకు."

చలికాలంలో కాయలు పగిలాయి. అత్త గింజలు ఒలిచి, వచ్చే ఏటి విత్తనానికి ఒక్కటీ తియ్యకముందే షగుఫ్తా బొంతను తెమ్మని నాతో చెప్పింది. నాలుగు గింజలు మూలలో పెట్టి కుట్టేసింది.